కొలత కుదరని దానము

వర్తకమునకు కొలత ప్రాణము. గజపు బద్ద అరంగుళము తక్కువని తెలిసిననాడు ఆ అంగడి పరువు పోయినట్లే. కాటా ముల్లు ఒక ప్రక్కకు వాలుచున్నదని పసిగట్టిన బేరగాడు మరల ఆ గుమ్మము ఎక్కడు. శ్రావకునకు ఇది పరువు మాట మాత్రమే కాదు, వ్రతము మాట. కొనునప్పుడు ఒక కొలత, అమ్మునప్పుడు ఒక కొలత పెట్టుకొనుట అచౌర్య వ్రతమునకు అతిచారమని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో లెక్కించినారు. కొట్టులో కూర్చున్నంతసేపు ఈ నియమమును జాగ్రత్తగా కాపాడుకొను గృహస్థుడు దానము చేయబోవునప్పుడు మాత్రము కొలతను మరచిపోవుట కద్దు. అమ్మిన గుడ్డ పొట్టిదైనచో వాపసు తీసుకొనును. ఇచ్చిన దానము పొట్టిదైనచో ఆ సంగతి అతని చెవికి కూడ రాదు.

దానమునకు కొలత అవసరమా? "ఇచ్చినంతవరకే దాత పని. పుచ్చుకొన్నవాడు దానిని ఏమి చేసుకొన్నను ఇచ్చినవాని పుణ్యమునకు లోటు లేదు" అనువారు కలరు. ఈ మాట నిలుచునో నిలువదో తేల్చుటకు కృత్రిమపు కాలును మించిన గీటురాయి లేదు. బియ్యము ఎవరికిచ్చినను ఆకలి తీరును. కంబళి ఎవరు కప్పుకొన్నను చలి ఆగును. కాలు మాత్రము ఒక్కరికే సరిపోవును. ఆ ఒక్కరికి సరిపోనిచో లోకములో మరెవ్వరికిని పనికిరాదు.

బళ్ళారి బ్రూస్‌పేటలో ఒక హమాలీ ఉన్నాడని అనుకొనవచ్చును. మూటలు దించుచుండగా లారీ వెనుకకు వచ్చి అతని కుడికాలు పిక్క దగ్గర నలిగినది. ఆసుపత్రిలో డాక్టర్లు శ్రమపడి మోకాలు కాపాడి, దాని క్రింది భాగము తీసివేసినారు. గాయము మానినది. ఇంటికి వచ్చిన పిదప మొండికాలు నొప్పి పుట్టకుండ అతని భార్య ప్రేమతో మోకాలి క్రింద మడతపెట్టిన దుప్పటి ఉంచినది. పగలంతయు మంచము మీద కాలు వ్రేలాడవేసుకొని కూర్చున్నాడు. ఆరు నెలలు గడచునప్పటికి మోకాలు వంగినది వంగినట్లే బిగిసిపోయినది. చాచబోయిన రాదు.

ఊరిలో వర్తకులు కృత్రిమ పాదముల శిబిరము పెట్టినారు. నూరుమందికి కాళ్ళు ఇచ్చెదమని గోడలపై కాగితములు అంటించినారు. హమాలీ చంకకర్ర మీద వచ్చినాడు. కాళ్ళు అమర్చు పనివాడు అతని మోకాలు పట్టి చూచి, "దీనికి ఇప్పుడు కాలు కట్టరాదు. ముందు మోకాలు చక్కబడవలె" అన్నాడు. హమాలీ కంట నీరు పెట్టుకొని, "సావుకారీ, మీరు చెప్తే వింటారు. ఏదో ఒకటి తగిలించమని చెప్పండి. మళ్ళీ శిబిరం ఎప్పుడొస్తుందో, నేనెట్లా బతకల్ల?" అన్నాడు. అప్పటికి తొంబదితొమ్మిది కాళ్ళు పూర్తియైనవి. సాయంకాలము అయిదు గంటలకు సభ. ఆ సావుకారు ఏమి చేయవలెను?

ఈ హమాలీ కల్పితుడే గాని ఇటువంటి మోకాలు కల్పితము కాదు. ఆదోనిలోను, గుంతకల్లులోను, రాయచూరులోను, మూటలు మోయు ప్రతి ఊరిలోను కాళ్ళు పోగొట్టుకొన్నవారు ఉందురు. లారీ వలన పోగొట్టుకొన్నవారు కొందరు, మధుమేహపు పుండు వలన పోగొట్టుకొన్నవారు కొందరు. వారి విషయమై ధర్మము చెప్పుటకు ముందు, ఆ కాలు ఎట్లు నిలుచునో కొంత తెలిసికొనవలెను.

మోకాలి క్రింద అమర్చు కాలు మొండికాలి కొనపై నిలుచునని చాలమంది తలచెదరు. అది పొరపాటు. కోసిన ఎముక కొన అంత బరువు ఓర్వలేదు. గిన్నె వంటి తొడుగు ఒకటి చేసి అందులో మొండికాలు దించుదురు. దానినే సాకెట్టు అందురు. మోకాటిచిప్పకు కొంచెము క్రిందుగా వ్రేలితో నొక్కినచో త్రాడువలె బిగువుగా తగులు స్నాయువు ఒకటి కలదు. బరువులో ముఖ్యభాగము దానిపైనను, ఎముకకు ఇరుప్రక్కల నున్న మెత్తని భాగములపైనను పడునట్లు తొడుగును మలచుదురు. ఈ పద్ధతిని 1950 తరువాతి దశకములో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు స్థిరపరచినారు. మోకాలి వెలుపలి ప్రక్కనున్న చిన్న ఎముక బుడిపెకు, ముందరి ఎముక అంచుకు, మొండికాలి కొనకు ఒత్తిడి తగులరాదు. తగిలినచో చర్మము చిట్లి పుండగును. మధుమేహము ఉన్నవారిలో కొందరికి స్పర్శ సరిగా తెలియదు గనుక పుండు పడిన సంగతి కూడ వెంటనే తెలియదు.

ఈ ఏర్పాటంతయు మోకాలు మీద ఆధారపడియున్నది. మోకాలు చక్కగా చాచుకొనవలెను, తగినంత వంగవలెను, ప్రక్కలకు ఊగరాదు. మోకాలు కొంచెము వంగి బిగిసినచో, అనగా సుమారు 10 డిగ్రీల వరకు ఉన్నచో, వ్యాయామముతోను, బోర్లా పడుకొనుట వంటి అలవాట్లతోను చాలవరకు సరిచేయవచ్చును. అంతకు మించినచో తొడుగునే కొంత ముందుకు వంచి అమర్చుదురు. 25 డిగ్రీలు దాటినచో మామూలు పద్ధతిలో అమర్చుట మిక్కిలి కష్టము. మోకాలి కట్లు వదులై ప్రక్కలకు ఊగువారికి ఇరుప్రక్కల ఇనుప కీళ్ళు పెట్టి, తొడకు తోలుపట్టీ బిగించి, బరువులో కొంత తొడమీదకు మరల్చుదురు. అది బరువైన ఏర్పాటు, తొడ కండ క్రమముగా సన్నబడును. అయినను కొందరికి అదే శరణ్యము.

"ఇంత కష్టమైనప్పుడు మోకాలి పైనే కోసివేసినచో పోదా" అని అడుగువారికి ఒక లెక్క చెప్పవలెను. మోకాలు మిగిలినవాడు కృత్రిమ పాదముతో నడచుటకు మామూలు మనిషికంటె సుమారు నాలుగవ వంతు ఎక్కువ శ్రమపడును. మోకాలు పోయినవాడు సగమునకు మించి ఎక్కువ శ్రమపడును. కూలి చేసికొని బ్రదుకువానికి ఈ తేడా అన్నమునకు, పస్తుకు ఉన్న తేడా. అందువలననే డాక్టర్లు ఆ మోకాలిని అంత శ్రమపడి నిలిపినారు. దానిని ఆరునెలలలో బిగిసిపోనిచ్చిన దోషము ఎవరిది? భార్యది అనుట అన్యాయము. మోకాలి క్రింద దుప్పటి పెట్టరాదని ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పు మనిషిని ఏర్పాటు చేయుటకు అయ్యెడి ఖర్చు ఒక కాలు ఖరీదులో లేశము కూడ కాదు. కాని అటువంటి మాటకు దాతల పట్టికలో చోటు లేదు.

ఈ విషయములో జైన సమాజము గర్వపడదగిన చరిత్ర ఒకటి కలదు. జయపుర నగరములోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ గారు పనిచేయుచుండిరి. విదేశపు నమూనా కాళ్ళు పెట్టుకొని వెళ్ళిన పేదవారు కొన్నాళ్ళకు వాటిని తీసివేసి మరల చంకకర్రలతోనే కనబడుచుండుట ఆయన గమనించినారు. కారణము విచారించగా, ఆ పాదమునకు బూటు తొడుగవలెను. బూటుతో పొలము బురదలో నడువలేరు, దేవాలయములోనికి పోలేరు, వంటింట తిరుగలేరు. గొంతుకూర్చుండుటకు గాని నేలమీద బాసికపట్టు వేసికొని కూర్చుండుటకు గాని ఆ పాదము వంగదు. కాలు మంచిదే, ఖరీదైనదే. కాని పుచ్చుకొన్నవాని జీవితమునకు దాని కొలత కుదరలేదు.

అప్పుడు రామచంద్ర శర్మ అను శిల్పి, ఎక్కువ చదువు లేని పనివాడు, డాక్టర్లతో కలిసి 1968లో రబ్బరుతోను కొయ్యతోను ఒక పాదము తయారుచేసినాడు. బూటు అవసరము లేదు. నీటిలో తడిసినను చెడదు. అన్ని వైపులకు కొంత వంగును. దానికే జయపుర పాదమని పేరు వచ్చినది. మొదట పైభాగమును అల్యూమినియము రేకుతో సుత్తెదెబ్బలతో మలచెడివారు. తరువాతి కాలమున పొలములకు నీరు పారించు ప్లాస్టిక్ గొట్టములను వేడిచేసి ఆ పనికి వాడుచున్నారు. డాక్టరు సేఠీ గారికి 1981లో మెగసెసే పురస్కారము వచ్చినది. ఆయన 2008లో స్వర్గస్థులైనారు.

పాదము పుట్టిన తరువాత ఏడు సంవత్సరముల వరకు అది కొద్దిమందికే అందినది. శ్రీ డి. ఆర్. మెహతా గారు రాజస్థానములో ప్రభుత్వాధికారిగా ఉండగా 1969లో ఘోరమైన కారు ప్రమాదమునకు లోనై, కాలు పోవునేమో అను స్థితి వరకు వెళ్ళి, దీర్ఘ చికిత్సతో బయటపడినారు. తనకు దొరికిన చికిత్స పేదవానికి దొరకునా అని ఆలోచించినారు. మహావీర స్వామి 2500వ నిర్వాణోత్సవము జరుపుకొన్న రోజులలో, 1975లో, భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని జయపురములో స్థాపించినారు. నాటినుండి ఆ సంస్థ లక్షలమందికి కాళ్ళును, ఇతర సహాయోపకరణములును ఉచితముగా ఇచ్చినది. వచ్చిన రోగికి, వెంట వచ్చిన వారికి బస, భోజనము కూడ అక్కడనే. దూరము నుండి వచ్చిన కూలివాడు పదిసార్లు తిరుగలేడు గనుక సాధ్యమైనంత త్వరగా కాలు అమర్చి పంపుదురు.

తెలుగువారికి ఈ పాదము 1985లో వచ్చిన "మయూరి" చిత్రము వలన బాగుగా తెలిసినది. నాట్యకళాకారిణి శ్రీమతి సుధాచంద్రన్ 1981లో బస్సు ప్రమాదమునకు గురియై కుడికాలు మోకాలి క్రింద పోగొట్టుకొన్నారు. జయపుర పాదముతో 1984లో మరల రంగస్థలమెక్కినారు. సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన చిత్రములో ఆమె పాత్రను ఆమెయే ధరించినారు. చూచినవారందరు పాదమును మెచ్చుకొన్నారు. ఆ పాదముపై మోకాలు ఉన్నదనియు, ప్రమాదమునకు రంగస్థలమునకు నడుమ మూడు సంవత్సరముల కఠోర సాధన ఉన్నదనియు కొద్దిమందే గుర్తించినారు. ఆ సాధనయే కాలును తన కాలుగా చేసినది.

ఇక శాస్త్రము మాట. తత్త్వార్థసూత్రము అదే ఏడవ అధ్యాయము చివర దానమును గూర్చి చెప్పుచు, దాని ఫలము నాలుగింటిని బట్టి హెచ్చుతగ్గులగునని తెలిపినది. ఇచ్చు విధి ఒకటి, ఇచ్చు ద్రవ్యము రెండవది, ఇచ్చు దాత మూడవది, పుచ్చుకొను పాత్ర నాలుగవది. ఇందులో సంఖ్య అను మాట లేదు. ఎన్ని ఇచ్చినాడు అన్నది అయిదవదిగా చేర్చవలెనని ఆచార్యులకు తోచలేదు. హమాలీ విషయములో ద్రవ్యము ఉన్నది, దాత ఉన్నాడు, పాత్రత ఉన్నది. విధి మాత్రము లేదు. ఆ మోకాలు సిద్ధము కాలేదు.

తెలుగున ప్రమాదము అనగా ఆపద అని వాడుక. లారీ ప్రమాదము, బస్సు ప్రమాదము అందురు. శాస్త్రమున ప్రమాదము అనగా ఏమరుపాటు. ఏమరుపాటుతో ఒక ప్రాణికి బాధ కలిగించుటయే హింస అని ఉమాస్వాతి నిర్వచనము. మహావీర స్వామి గౌతమ గణధరునికి క్షణమైనను ఏమరియుండరాదని మాటిమాటికి బోధించిన సంగతి ఉత్తరాధ్యయనమున ప్రసిద్ధము. హమాలీకి మొదటి ప్రమాదము లారీ వలన వచ్చినది. చాచుకొనని మోకాలికి సభ వేళకు కాలు బిగించినచో రెండవ ప్రమాదము దాత వలన వచ్చును. మొదటిది ఎరుగక జరిగినది. రెండవది పనివాడు హెచ్చరించిన తరువాత జరుగును. రెండింటిలో ఏది బరువైనదో ప్రతిక్రమణము చేయువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అహింసాణువ్రతపు అతిచారములలో అతిభారారోపణము ఒకటి. ఎద్దుపైగాని మనిషిపైగాని మోయలేని బరువు వేయరాదని దాని తాత్పర్యము. పూర్వము బండికి ఇన్ని మూటలే అని కట్టడి చేసికొన్న జైన వర్తకులు ఈ నియమమునే పాటించినారు. వంగిన మోకాలిపై కట్టిన కాలు బరువును ఓర్వలేని చోట వేయును. బండికి పట్టించిన నీతి మొండికాలికి పట్టించకుండుట ఎట్లు?

అయినను ప్రతిపక్షము బలహీనమైనది కాదు. దానిని న్యాయముగా వినవలెను. "డబ్బు పరిమితము, పనివారు పరిమితము. ఈ ఒక్కనిపై మూడు నెలలు వెచ్చించునంతలో పదిమంది మంచి మోకాళ్ళవారికి కాళ్ళు ఇవ్వవచ్చును. ఒక్కని కొరకు పదిమందిని నిలబెట్టుట ఏమి దయ?" అని వారి వాదము. ఇందులో నిజమున్నది. శిబిరముల వేగము దోషము కాదు, అది కూలివానిపై దయ. సిద్ధముగానున్న మోకాలికి కాలు ఆలస్యము చేయుట కూడ ప్రమాదమే. కాని ఈ వాదము వలన తేలునది ఒకటే, ముందు ఆ పదిమందికి ఇమ్మని. హమాలీకి సరిపోని కాలు కట్టుమని దీనివలన తేలదు. సరిపోని కాలు కట్టిన, పదకొండవవాని సొమ్ము కూడ వ్యర్థమగును. "లేదు" అనుట కంటె "ఇచ్చితిమి" అని వ్రాసికొనుట అన్యాయము. పేరు పట్టికలోనికి ఎక్కినవాని వైపు మరల ఎవ్వరును చూడరు.

రెండవ వాదము ఇంకను కష్టమైనది. "అతడే అడుగుచున్నాడు గదా. పెద్దమనిషి, తన శరీరము, తన కోరిక. కాదనుటకు దాత ఎవడు?" పుచ్చుకొనువాని మాట త్రోసివేసి తనకే అన్నియు తెలియునని అనుకొను దాత అహంకారి. ఇది సత్యము. కాని హమాలీ నిజముగా అడిగినది ఏమి? "మళ్ళీ శిబిరం ఎప్పుడొస్తుందో" అన్నాడు. అతనిది కాలు మీది ఆశకంటె, విడిచిపెట్టుదురేమో అను భయము. ఆ భయమునకు మందు కాలు కాదు, మాట. "నీకు ఈ దినము కాలు లేదు. మోకాలు చక్కబడువరకు నీ వ్యాయామపు ఖర్చు, నీ ఇంటి బియ్యము ఈ అంగడివి. డాక్టరుగారు సరే అన్నప్పుడు కాలు కట్టించు పూచీ నాది. మోకాలు మాట వినకపోతే ఇంకేమి చేయవచ్చునో వారినే అడుగుదాము అప్పా" అని సావుకారు చెప్పగలిగినచో, అప్పుడు హమాలీ భయము లేకుండ ఆలోచించుకొనగలడు. శాస్త్రమున అభయదానమును గొప్పగా చెప్పినారు. దానిని పంజరము పక్షిని విడిపించుటయందే కాక ఇక్కడ కూడ చూడవచ్చును.

"కొలతలు పనివాని వంతు, డబ్బు దాత వంతు" అను మూడవ మాట వినుటకు సబబుగానే ఉండును. తొడుగు ఎట్లు మలచవలెనో పనివాడే ఎరుగును, దాత అందులో వ్రేలు పెట్టరాదు. కాని ఆ పనివానికి "ఆగుము" అను స్వాతంత్ర్యము ఇచ్చునది, లాగివేయునది దాతయే. నూరు పూర్తికావలెనని సభా సమయము నిర్ణయించినవాడు పనివాని చేతిలోని కొలతను కూడ నిర్ణయించినట్లే. గుమాస్తా కాటా తప్పుగా పట్టినప్పుడు యజమాని తనకు సంబంధము లేదని ఏ అంగడిలోను అనడు.

కనుక చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. అవి కష్టమైనవి కావు. శిబిరమునకు నెలరోజులు ముందే డాక్టరుచేతను, వ్యాయామము నేర్పువారిచేతను మోకాళ్ళు పరీక్ష చేయించవలెను. సిద్ధమైన వారికి ఆ దినమే కాలు. కానివారి పేర్లు వేరొక పుస్తకమున వ్రాసి, వారి రానుపోను ఖర్చులు, పోయిన కూలి భరించుటకు కొంత సొమ్ము విడిగా ఉంచవలెను. ఆపరేషను అయినవారి ఇంటికి ఒక మనిషిని పంపి, మోకాలి క్రింద దిండు పెట్టరాదని, కాలు చాచియుంచవలెనని, పట్టీ కొనవైపు బిగువుగా, పైవైపు వదులుగా చుట్టవలెనని నేర్పించవలెను. మొండికాలు కొన్ని నెలలలో సన్నబడి తొడుగు వదులగుట సహజము. అప్పుడు సరిచేయుటకు లేదా మార్చుటకు మరల రమ్మని చెప్పి, వచ్చినప్పుడు విసుగుకొనరాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. వార్షిక సంచికలలో ఇన్ని కాళ్ళు ఇచ్చితిమని అచ్చువేయుదురు. దాని ప్రక్కనే, కిందటి సంవత్సరము ఇచ్చిన కాళ్ళలో ఇప్పుడు ఎన్ని నడచుచున్నవో కూడ అచ్చువేయవలెను. ఆ రెండవ అంకె మొదటిదానికంటె చిన్నదిగా ఉండును. సిగ్గు కూడ కలుగవచ్చును. దీపావళికి పాత ఖాతా తీసి, రాని బాకీలను రాని బాకీలుగా వ్రాసికొనగల వర్తకుడే క్రొత్త ఖాతాను నిజముతో ఆరంభించగలడు. దానపు ఖాతాకు వేరొక నీతి లేదు.

దేరాసరములో ఖమాసమణ చేయునప్పుడు రెండు మోకాళ్ళు, రెండు చేతులు, నుదురు నేలను తాకవలెను. మోకాలు వంగుట, మరల చాచుకొనుట ఎంతటి వరమో అప్పుడు ఆ నమస్కరించువానికి తోచదు, నొప్పి వచ్చిననాడే తోచును. బ్రూస్‌పేట హమాలీ ఆ నాడు కాలు లేకుండనే చంకకర్రతో ఇంటికి పోవును. సభలో తొంబదితొమ్మిది అని చదువుదురు. ఆ ఒక్క అంకె తక్కువైనందుకు చప్పట్లు కూడ కొంత తక్కువగా వినబడవచ్చును. కాని మరునాటి ఉదయము ఆ ఇంటి తలుపు తట్టుటకు అంగడి నుండి మనిషి బయలుదేరినచో, ఆ శిబిరమున జరిగిన దానములలో కొలత కుదిరినది అదియు ఒకటి అగును.